పైపు పెట్టించుకోవాలా, అక్కా?

జనగామ వైపు ఒక పల్లె నుంచి ముప్పై నాలుగేళ్ల పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

వాళ్లది తాతల నాటి నుంచి గీత వృత్తి. మూడేళ్ల కిందట పొద్దున్నే కల్లు దించడానికి ఎక్కినప్పుడు మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డారు. వెన్నులో డీ10 దగ్గర, అంటే ఛాతీ వెనుక ఉండే పన్నెండు వెన్నుపూసల్లో పదోదాని దగ్గర, ఎముక విరిగింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు గాని నడుము కింద స్పర్శ, కదలిక తిరిగి రాలేదు. మూత్రం పైపుతోనే ఇంటికి వచ్చారు. ఐదు నెలలయ్యాక ఆ పైపు తీసేసి, సన్న గొట్టంతో రోజుకు నాలుగుసార్లు తనకు తానే మూత్రం తీసుకోవడం నేర్పారు. దాన్నే సీఐసీ అంటారు. "నేర్పడమంటే పది నిమిషాలు" అని రాశారు. గొట్టాన్ని కడిగి ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి పెట్టుకుంటారు, పది రోజులకొకటి మారుస్తారు.

ఇప్పుడు రోడ్డు పక్కన చిన్న జిరాక్స్, రీచార్జ్ షాపు నడుపుతున్నారు. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే రాత్రి ఏడు దాకా అక్కడే. షాపులో చాటు లేదని మధ్యాహ్నం గొట్టం వేసుకోరు. అందుకని సాయంత్రం దాకా రెండు గ్లాసుల నీళ్లతో సరిపెడతారు. అయినా ఉన్నట్టుండి కాళ్లు బిగుసుకుంటాయి, వెంటనే తడిసిపోతుంది. డైపర్ మీద డైపర్. పక్క తడవని రాత్రి లేదు. ఏడాదిలో ఐదుసార్లు చలిజ్వరం వచ్చింది. నాలుగుసార్లు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు ఇచ్చాడు, ఐదోసారి మూడు రోజులు ఆసుపత్రిలో పడుకోవాల్సి వచ్చింది. అక్కడి డాక్టర్ "ఇట్లా లాభం లేదు, పర్మనెంట్‌గా పైపు పెట్టేద్దాం" అన్నారు. భార్య పెట్టించుకోమంటోంది. తల్లి "పైపు పెడితే మంచం పట్టినట్టే" అని ఏడుస్తోంది. మేనమామేమో పొత్తికడుపు మీద గట్టిగా నొక్కితే అదే వస్తుందంటాడు. ఆసుపత్రిలో పక్క మంచం మీద ఉన్నతను ఫోన్ చేసి, బొటాక్స్ ఇంజెక్షన్ చేయించుకున్నాక హాయిగా ఉందని చెప్పాడు.

ఒకరోజు ఎనిమిదేళ్ల కూతురు ఒళ్లో కూర్చోబోయి "నాన్నా, వాసనొస్తుంది" అని లేచిపోయింది. ఆ రాత్రి నుంచి ఈయన వసారాలో వేరే మంచం వేసుకున్నారు. వచ్చే నెల తమ్ముడి పెళ్లి. ఫంక్షన్ హాల్‌కు రానని చెప్పేశారు. ఉత్తరం చివర ఇలా రాశారు: "కాళ్ల కోసం ఆరు నెలలే ఏడ్చిన అక్కా. దీని కోసం రోజూ ఏడుస్తున్న. పైపు పెట్టించుకోమంటవా, వద్దంటవా?"

తమ్ముడూ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వనే అంటాను.

ఆ చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వెన్ను దెబ్బలు తగిలిన వాళ్ల వార్డులో ఇరవై ఏళ్లకు పైగా నర్సుగా చేశాను. చూడవచ్చిన చుట్టాలందరూ అడిగేది ఒకటే, మళ్లీ నడుస్తాడా అని. చుట్టాలు వెళ్లిపోయాక, కర్టెన్ లాగి డ్రెస్సింగ్ చేస్తున్నప్పుడు, మంచం మీది మనిషి గొంతు తగ్గించి అడిగేది మాత్రం మూత్రం సంగతి. 2004లో అమెరికాలో వెన్ను దెబ్బ తగిలిన దాదాపు 700 మందిని, ఏది తిరిగి వస్తే మీ బతుకు బాగుపడుతుందని అడిగారు. చేతులు కూడా పోయినవాళ్లు ముందుగా చేతులు కావాలన్నారు. నీలా కాళ్లు మాత్రమే పోయినవాళ్లలో ఎక్కువ మంది దాంపత్య జీవితం అన్నారు. మూత్రం, మలం మీద అదుపు కావాలన్న కోరిక రెండు వర్గాల్లోనూ పై వరుసలోనే ఉంది. నువ్వు ఏడుస్తున్నది చిన్న విషయానికి కాదు. దాన్ని ఎవరికీ చెప్పుకోలేక మోస్తున్నావు చూడు, అదే నిన్ను ఎక్కువగా నలిపేస్తోంది.

పెట్టించుకో అనో, వద్దనో ఇప్పటికిప్పుడు అనలేను. అది తేల్చే సంగతి ఇంతవరకు ఎవరూ చూడలేదు. నీ ఉత్తరంలో తడి ఉంది, వాసన ఉంది, జ్వరం ఉంది. మూత్రాశయం లోపల ప్రెషర్ ఎంతో, కిడ్నీలు ఎలా ఉన్నాయో ఒక్క ముక్క లేదు. మూడేళ్లలో కిడ్నీ స్కానింగ్ చేయించినట్టు కూడా రాయలేదు. తడి అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఇల్లంతా దాని చుట్టూనే తిరుగుతోంది. ప్రెషర్ కనిపించదు, వాసన రాదు. నడుము కింద స్పర్శ లేదు కాబట్టి నీకు నొప్పిగా కూడా తెలియదు.

లోపల ఏం జరుగుతోందో చెబుతాను. మూత్రాశయం నిండిందన్న కబురు వెన్నుపాము గుండా మెదడుకు వెళ్తుంది. ఇప్పుడు వద్దు ఆగు, లేదా ఇక పోనీ అన్న జవాబు అదే దారిలో కిందికి వస్తుంది. పోనీ అన్నప్పుడు మూత్రాశయం ముడుచుకుంటుంది, అదే క్షణంలో కింద మూతలా బిగించి ఉంచే కండరం వదులవుతుంది. ఈ రెంటికీ జత కుదిర్చేది మెదడు అడుగు భాగం. నీకు డీ10 దగ్గర ఆ దారి తెగింది. వెన్నుపాము చివర మూత్రాశయాన్ని నడిపే నరాల కేంద్రం మాత్రం బతికే ఉంది. పైనుంచి మాట లేదు కాబట్టి అది తన ఇష్టమొచ్చినట్టు పనిచేస్తుంది. కాస్త నిండగానే మూత్రాశయం గట్టిగా ముడుచుకుంటుంది, దానితో పాటే కింది కండరమూ బిగుస్తుంది.

మీ ఊళ్లో బోరు మోటార్లు ఉంటాయి కదా. గేట్ వాల్వ్ కట్టేసి మోటార్ ఆన్ చేస్తే ఏమవుతుంది? నీళ్లకు దారి ఉండదు, మోటార్ ఆగదు. ఎక్కడ జాయింట్ లూజుగా ఉంటే అక్కడ చిమ్ముతుంది. నీ ప్యాంటు తడిపేది అలా చిమ్మిన కాస్తంతే. మిగిలిన ఒత్తిడంతా వెనక్కి తన్ని కిడ్నీల వైపు పోతుంది. కాళ్లు బిగుసుకుని వెంటనే తడిసిపోతుందని రాశావు చూడు, ఆ లక్షణం దీన్నే చూపిస్తోంది. పరీక్షతోనే ఖాయమవుతుంది. (దెబ్బ ఇంకా కిందికి, నడుము దగ్గర తగిలినవాళ్లకు కథ వేరు. వాళ్ల మూత్రాశయం అసలు ముడుచుకోకుండా సంచిలా వదులైపోవచ్చు. అందుకే ఒకరికి పనిచేసిన ఉపాయం ఇంకొకరికి చెప్పకూడదు.)

మీ మామ మాట మాత్రం వినకు, తమ్ముడూ. ఆయన ప్రేమతోనే చెప్పి ఉంటాడు. కానీ వాల్వ్ కట్టేసి ఉన్నప్పుడు పొత్తికడుపు నొక్కడమంటే ఉన్న ప్రెషర్‌కి ఇంకాస్త జోడించడమే.

మీ అమ్మ భయం కూడా ఊరికే పుట్టింది కాదు. ఒకప్పుడు వెన్ను విరిగిన మనిషి పుండ్లతోనో, కిడ్నీలు చెడిపోయో కొన్నేళ్లలోనే పోయేవాడు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్‌లో లుడ్విగ్ గట్‌మన్ అనే డాక్టర్ ఇలాంటి వాళ్ల కోసం ప్రత్యేకంగా వార్డు నడపడం మొదలుపెట్టాక ఆ పరిస్థితి మారింది. అక్కడ పైపు ఉంచేయకుండా, కొన్ని గంటలకోసారి గొట్టం వేసి ఖాళీ చేసి తీసేసేవారు. అయితే అంతా ఆపరేషన్ థియేటర్ శుభ్రతతో చేసేవారు, ఇంట్లో కుదిరే పని కాదు. 1970ల మొదట్లో అమెరికాలో జాక్ లాపిడెస్ అనే యూరాలజిస్టు (మూత్ర వ్యాధుల డాక్టర్) చెప్పిన మాటతో అది మన ఇళ్లలోకి వచ్చింది. సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన గొట్టం చాలు, వేళకు పూర్తిగా ఖాళీ కావడమే ముఖ్యం అన్నాడాయన. నువ్వు చేస్తున్న సీఐసీ అదే. మంచి పద్ధతి చేతిలో ఉంది, దాన్ని సగమే చేస్తున్నావు. తప్పు నీది కాదు. పది నిమిషాల్లో నేర్పే పని కాదది.

నీళ్ల లెక్క చూద్దాం. ఎంత తక్కువ తాగినా శరీరం మూత్రం చేయడం ఆపదు. గంటకు 60 మిల్లీలీటర్లు అనుకున్నా, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా 600. మూత్రాశయంలో ఎప్పుడూ 400, మహా అయితే 500 దాటకూడదు. మధ్యాహ్నం గొట్టం మానేస్తే రెండు గ్లాసులు తాగినా, ఆరు గ్లాసులు తాగినా నువ్వు ఆ గీత దాటుతూనే ఉన్నావు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, వాసన పెరుగుతుంది, క్రిములకు తీరిక దొరుకుతుంది, రాళ్లు కూడా రావచ్చు. వాసన రాకూడదని మానేసిన నీళ్లే వాసనను పెంచుతున్నాయి.

రాత్రి పక్క ఎందుకు తడుస్తోందో కూడా ఊహించగలను. పది గంటలు కాళ్లు కిందికి వేలాడేసి వీల్‌చెయిర్‌లో కూర్చుంటే నీరంతా పాదాల్లోకి దిగుతుంది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడుతుందా, చూసుకో. నువ్వు పడుకోగానే ఆ నీరు మళ్లీ రక్తంలో కలిసి రాత్రంతా మూత్రంగా దిగుతుంది. షాపు నుంచి రాగానే ఒక గంట కాళ్లు దిండ్ల మీద ఎత్తి పెట్టుకుని పడుకో. నీళ్లు పగలు ఎక్కువ, రాత్రి ఎనిమిది దాటాక తక్కువ. పడుకునే ముందు ఒకసారి గొట్టం వేసుకుని, తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని ఇంకోసారి. మొదటి వారం కష్టంగా ఉంటుంది. పక్క పొడిగా ఉన్న మొదటి తెల్లవారు చూశాక నువ్వే లేస్తావు.

ఇక గొట్టం సంగతి. కడిగిన గొట్టాన్ని తడిగా ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిపెట్టడం క్రిములను పెంచి పోషించడమే. ప్రతిసారీ కొత్తది వాడగలిగితే అన్నిటికంటే మంచిది. అందరికీ అది కుదరదు, నాకు తెలుసు. వాడిన వెంటనే సబ్బునీళ్లతో లోపలా బయటా కడిగి, మంచినీళ్లు లోపల్నుంచి పారించి, నీళ్లు దులిపి, ఉతికిన పొడి గుడ్డ మీద ఆరనివ్వు. పూర్తిగా ఆరాక మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో పెట్టు. రెండు మూడు గొట్టాలు మార్చి మార్చి వాడితే ఒకటి ఆరేలోపు ఇంకొకటి ఉంటుంది. గరుకైనా, రంగు మారినా, గట్టిపడినా పారెయ్.

వేసుకునేటప్పుడు ముందు మోచేతుల దాకా కాకపోయినా మణికట్టు దాకా సబ్బుతో కడుగు. జెల్లీ ధారాళంగా రాయి, లోపల గీసుకుపోవడానికి పిసినారితనమే సగం కారణం. అంగాన్ని పొట్ట వైపుకు ఎత్తి పట్టుకుంటే లోపలి వంపు సరళమవుతుంది. ఓ జానెడు దాకా వెళ్లాక ఆగినట్టు అనిపిస్తే అది బిగుసుకున్న కండరం. తోయకు. అక్కడే ఆపి, నెమ్మదిగా నాలుగు ఊపిరులు తీసుకో, అది అలసి వదులుతుంది. మూత్రం రావడం మొదలయ్యాక ఇంకో అంగుళం లోపలికి. ధార ఆగగానే లాగేయకు. కొద్దికొద్దిగా వెనక్కి తీస్తూ, మళ్లీ వస్తే ఆగుతూ తియ్యి. చాలామంది ధార ఆగగానే లాగేస్తారు. అడుగున వంద, నూట యాభై మిల్లీలీటర్లు ఉండిపోతుంది, జ్వరం అందులోంచే పుడుతుంది.

షాపులో చాటు లేదన్నావు. ఒక మూల ఇనుప కమ్మీ కొట్టించి మందపాటి కర్టెన్ వేయించు. లోపల వీల్‌చెయిర్ తిరిగేంత చోటు, మూత ఉన్న ఒక వెడల్పు సీసా, సబ్బు, నీళ్లు, గొట్టాల డబ్బా. పదకొండింటికి, మూడింటికి ఐదేసి నిమిషాలు. గిరాకీ వస్తే రెండు నిమిషాలు ఆగుతారు. మూడేళ్లుగా నీ కిడ్నీలను ఇబ్బంది పెడుతున్నది చాలా మటుకు లేని ఆ కర్టెనే కావచ్చు.

జ్వరాల గురించి కాస్త గట్టిగా చెబుతాను. చలి, వణుకుతో జ్వరం వచ్చిందంటే ఇక ఆర్‌ఎంపీ దగ్గర ఆగొద్దు. నేరుగా ఆసుపత్రికి వెళ్లు. మొదటి యాంటీబయాటిక్ పడకముందే మూత్రం కల్చర్‌కు పంపమని అడుగు. ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో తెలియకుండా ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ వేస్తే, నిజంగా అవసరమైన రోజున ఏ మందూ పనిచేయదు. ఇంకో వైపు కూడా ఉంది. గొట్టం వాడేవాళ్ల మూత్రంలో క్రిములు ఉండటం మామూలే. ఒంట్లో ఏ ఇబ్బందీ లేకుండా రిపోర్టులో మాత్రం క్రిములు కనిపిస్తే మందులు అక్కర్లేదు. జ్వరం, చలి, మూత్రంలో రక్తం, ఉన్నట్టుండి కాళ్ల బిగుతు, లీకేజీ పెరగడం, ఒంట్లో బాగా నలతగా ఉండటం, ఇలాంటివి ఉంటేనే.

ఇది చదువుతున్నవాళ్లలో మెడకో, ఛాతీ పై భాగంలోనో, అంటే డీ6 దగ్గర గాని దానికి పైన గాని దెబ్బ తగిలినవాళ్లుంటే ఒక మాట. ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు వస్తే అది బీపీ ప్రమాదకరంగా పెరగడం. వెంటనే లేపి కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, పైపు మెలిపడిందేమో, మూత్రాశయం నిండిందేమో చూడండి. తగ్గకపోతే క్షణం ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. తమ్ముడూ, నీది డీ10 కాబట్టి నీకు ఈ బెడద మామూలుగా ఉండదు.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి వస్తాను. ముందు కిడ్నీల స్కానింగ్, క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించు. క్రియాటినిన్ ఒక్కటే చూసి నార్మల్ అని సంతోషపడొద్దు. కాళ్ల కండ తగ్గినవాళ్లలో కిడ్నీ దెబ్బతిన్నా ఆ అంకె మామూలుగానే కనిపించవచ్చు. తర్వాత యూరోడైనమిక్ టెస్ట్. సన్న గొట్టం మూత్రాశయంలోకి, ఇంకొకటి మలద్వారంలోకి పెట్టి, నెమ్మదిగా సెలైన్ నింపుతూ లోపలి ప్రెషర్‌ని కంప్యూటర్ మీద గీతగా చూస్తారు. నిండేటప్పుడు ప్రెషర్ 40 సెంటీమీటర్ల నీటి మట్టాన్ని దాటుతుంటే కిడ్నీలకు ముప్పు అని చాలాకాలంగా లెక్క. ఇన్ఫెక్షన్ తగ్గాకే ఈ టెస్ట్ చేస్తారు. పెద్ద యూరాలజీ విభాగాల్లో ఉంటుంది, హైదరాబాద్ నిమ్స్‌లో అడుగు. ఖర్చుల విషయం ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే కనుక్కో. వెల్లూరు సీఎంసీకి వెళ్లగలిగితే అక్కడ వెన్ను దెబ్బలవాళ్లకు వేరుగా పునరావాస కేంద్రమే ఉంది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ కూడా 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని వీల్‌చెయిర్‌లోంచే ఆపరేషన్లు చేసిన మనిషి. అక్కడ ఈ మాటలు మాట్లాడటానికి ఎవరూ గొంతు తగ్గించరు.

టెస్ట్‌లో ప్రెషర్ ఎక్కువని తేలితే, సీఐసీతో పాటు మూత్రాశయాన్ని శాంతపరిచే మాత్రలు ఇస్తారు. ఆక్సీబ్యూటినిన్, సోలిఫెనసిన్ లాంటివి. నోరు ఎండిపోతుంది, మలబద్ధకం చేస్తుంది. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకు, పేగు నిండితే మూత్రాశయాన్ని నొక్కి లీకేజీ పెంచుతుంది. మీరాబెగ్రాన్ అనే ఇంకో రకం మాత్రతో నోరు అంతగా ఎండదు గాని బీపీ చూసుకుంటూ ఉండాలి. రోజుకు ఐదారుసార్లు సరిగ్గా గొట్టం, దానికి తోడు మాత్ర, ఈ రెంటితోనే చాలామంది డైపర్ వదిలేయడం కళ్లారా చూశాను. నా మనసు ముందు దీని వైపే మొగ్గుతోంది. ఎందుకంటే నీ చేతులు బాగున్నాయి, నీ పని నువ్వు చేసుకోగలవు, ఈ పద్ధతికి ఇంతవరకు సరైన అవకాశమే ఇవ్వలేదు.

మాత్రలు పనిచేయకపోయినా, పడకపోయినా బొటాక్స్. కెమెరా గొట్టంతో చూస్తూ మూత్రాశయం గోడలో పదుల చోట్ల సన్న సూదితో వేస్తారు. ఇలాంటి మూత్రాశయానికి సాధారణంగా 200 యూనిట్లు. దాని ప్రభావం చాలామందిలో ఆరు నుంచి తొమ్మిది నెలలు ఉంటుంది. మళ్లీ వేయించుకోవాలి, మళ్లీ ఖర్చు. మీ పక్క మంచం అతను ఒకటి చెప్పాడో లేదో. బొటాక్స్ వేశాక మూత్రాశయం ముడుచుకోవడం తగ్గిపోతుంది, కాబట్టి గొట్టం వేళకు వేసుకోవడం ఇంకా తప్పనిసరి. గొట్టం తప్పించుకోవడానికి బొటాక్స్ అనుకుంటే నిరాశపడతావు. వీటన్నిటికీ లొంగకపోతే పేగు ముక్కతో మూత్రాశయాన్ని పెద్దది చేసే ఆపరేషన్ ఉంది. అంత దూరం ఇప్పుడే ఆలోచించకు.

పర్మనెంట్ పైపు చెడ్డదేం కాదు. చేతులు పనిచేయనివాళ్లకు, సాయం చేసే మనిషి లేనివాళ్లకు అది ప్రాణదాత. నీకైనా జ్వరం బాగా ముదిరినప్పుడు, టెస్టులయ్యేదాకా కొన్ని వారాలు పెడితే మూత్రాశయం తేలికపడుతుంది, ఇంట్లో అందరికీ నాలుగు రోజులు నిద్ర పడుతుంది. పెడితే ఇక తీయరని అమ్మ అనుకుంటోంది, అది నిజం కాదు, తీసేయవచ్చు. అయితే అంగం గుండా ఏళ్ల తరబడి ఉంచితే ఏమవుతుందో కూడా తెలిసి ఒప్పుకోవాలి. రాళ్లు ఏర్పడతాయి, తరచూ మూసుకుపోతుంది, మూత్రాశయం కుంచించుకుపోతుంది. స్పర్శ లేదు కాబట్టి పైపు బరువుకు అంగం కింది వైపు చీలిపోతున్నా తెలియదు. ఆ చీలికలకు డ్రెస్సింగ్ చేసిన చేతులివి, అందుకే ఇంతగా చెబుతున్నాను. చాలా ఏళ్ల తర్వాత మూత్రాశయ క్యాన్సర్ ముప్పు కూడా కొంత పెరుగుతుంది. దీర్ఘకాలం తప్పదనుకుంటే బొడ్డు కింద చిన్న రంధ్రం చేసి నేరుగా మూత్రాశయంలోకి పెట్టే పైపు గురించి అడుగు. దాన్ని ఎస్‌పీసీ అంటారు. దానిలోనూ రాళ్లు, ఇన్ఫెక్షన్లు వస్తాయి గాని అంగానికి గాయం ఉండదు, దాంపత్యానికి అడ్డు ఉండదు. ఏ పైపైనా డాక్టర్ చెప్పిన గడువుకు మార్చాలి, బ్యాగు ఎప్పుడూ పొట్ట కంటే కిందే ఉండాలి, లాగుడు పడకుండా ప్లాస్టర్ వేసి ఉంచాలి.

కండోమ్ క్యాథెటర్ గురించి నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నా. బయట తొడుక్కుని ట్యూబుతో బ్యాగుకు కలిపేది. అది తడిని ఆపుతుంది, లోపలి ప్రెషర్‌ని ఏమీ చేయదు. కాబట్టి గొట్టానికి బదులు పనికిరాదు, ప్రయాణాలకో, రాత్రికో తోడుగా పనికొస్తుంది. కొలత చూసి సరైన సైజు తీసుకో. జారుతోందని దారంతోనో, రబ్బరు బ్యాండుతోనో ఎప్పుడూ కట్టకు. నొప్పి తెలియని చోట రక్తం ఆగిపోతే తెల్లారేసరికి చర్మం నల్లబడుతుంది.

తమ్ముడి పెళ్లికి వెళ్లు. ముందు రోజు ఎవరినైనా పంపి హాల్‌లో ర్యాంపు ఎక్కడుందో, బాత్‌రూమ్ తలుపులో నీ వీల్‌చెయిర్ పడుతుందో లేదో టేపుతో కొలిపించు. పట్టకపోతే పెళ్లికొడుకు గదిలోనే నీకో మూల. తమ్ముడు కాదనడు. బయల్దేరే ముందు గొట్టం, అక్కడ నాలుగు గంటలకోసారి. ఆ ఒక్కరోజుకు కండోమ్ క్యాథెటర్, కాలికి కట్టుకునే చిన్న బ్యాగు, పైన ముదురు రంగు ప్యాంటు. సంచిలో ఇంకో జత బట్టలు. నీళ్లు మానకు. తడిస్తే మార్చుకుని మళ్లీ వచ్చి కూర్చుంటావు. తలంబ్రాలప్పుడు అన్న లేకపోతే ఆ తమ్ముడికి ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు. అతనూ చెట్టెక్కేవాడే అయితే, గీత కార్మికులకు 2024 నుంచి ప్రభుత్వం ఇస్తున్న సేఫ్టీ కిట్టు కట్టుకునే ఎక్కమను. నీ మాట వింటాడు.

నీ భార్య పైపు పెట్టించుకోమన్నది నిన్ను వదిలించుకోవడానికని నీ ఉత్తరంలో ఒక మాట వెనక అనుమానం కనిపించింది. మూడేళ్లుగా రోజూ పొద్దున పక్కబట్టలు ఉతికి, రాత్రి నిద్రలేక, పగలు కూలికి పోయే మనిషి అడిగింది ఒక్క రాత్రి నిద్ర. ఆమెను కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించు. గొట్టాలు కడగడం, ఆరబెట్టడం, రబ్బరు షీటు తుడవడం నీ చేతుల్లో ఉన్న పనులే, నువ్వు తీసుకో. ఆమె నీకు నర్సుగా ఉండటం ఎంత తగ్గితే భార్యగా ఉండటానికి అంత తీరిక దొరుకుతుంది. దాంపత్యం గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు, వేరే మంచం గురించి రాశావు. ముందు మూత్రాశయం ఖాళీ చేసుకుంటే సగం భయం పోతుంది. సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు వెన్ను దెబ్బ తగిలిన చాలామంది మగవాళ్లకు పనిచేస్తాయి. నీ ఇతర మందులు చూసి డాక్టరే రాయాలి. యూరాలజిస్టు దగ్గర ఈ మాట కూడా అడుగు, ఆయన రోజూ వినే ప్రశ్నే.

పాపకు చెప్పు. ఎనిమిదేళ్ల పిల్లకు ఇవన్నీ బాగా అర్థమవుతాయి. "చెట్టు మీంచి పడ్డప్పుడు నాన్నకు ఒంటేలు వచ్చేది తెలిసే నరం తెగింది, అందుకని గొట్టంతో తీసుకుంటాడు, ఒక్కోసారి కారుతుంది, అప్పుడు మార్చుకుంటాడు" అని, అంతే. ఆమె చెప్పింది వాసన గురించి, నువ్వు విన్నది ఇంకేదో. వసారాలోంచి మంచం లోపలికి తీసుకెళ్లు.

ఈ వారం ఒక్క పని చేయి. మెడికల్ షాపులో కొలత గీతలున్న మగ్గు ఒకటి కొనుక్కో. మూడు రోజులు ఎన్నింటికి ఎన్ని నీళ్లు తాగావో, ఎన్నింటికి గొట్టంతో ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, ఎన్నింటికి తడిసిందో పాప నోట్‌బుక్‌లో రాయి. ఆ కాగితం చూడగానే యూరాలజిస్టుకు సగం విషయం తెలిసిపోతుంది. నాకూ ఒక ఫొటో పంపు. బాగుండాలని ఏ అంకే సరిదిద్ది రాయకు, తడిసిన చోట తడిసిందనే రాయి.